పొలంలో డబ్బా, ఊళ్లో సర్వర్: రిమోట్ మేనేజ్‌మెంట్‌పై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల అడుగున గ్రానైట్ రాయే. బోరులో నీటిమట్టం ఎంత పడిపోతోందో ముందే తెలిస్తే బత్తాయి రైతు తడులు సర్దుకుంటాడు. తెలియకపోతే ఏళ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క ఎండాకాలంలో పోతాయి. అందుకే తోటల్లో నేల తేమ, బోర్లలో నీటిమట్టం చూసే సెన్సర్లు బిగించే ఈ పనంటే నాకు ప్రాణం. దేవరకొండ అవతల తండా పక్కన ఉన్న తోటకు పోయి రావాలంటే ఒక పూట పడుతుంది. కాబట్టి సెన్సర్ బోర్డు ఉండే ప్రతి డబ్బాలో ఒక మేనేజ్‌మెంట్ క్లయింట్ (దూరంగా ఉన్న సర్వర్ ఆదేశాలు విని అమలు చేసే ప్రోగ్రామ్) ఉండాలి. సెట్టింగులు మార్చడం, రీబూట్ చేయించడం, కొత్త ఫర్మ్‌వేర్ (డివైస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించడం అన్నీ దాని ద్వారానే జరుగుతాయి. మేం వాడేది లైట్‌వెయిట్ ఎం2ఎం అనే ప్రమాణం, దాని 1.0 వెర్షన్ 2017లో వచ్చింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల దగ్గర, రైతుల దగ్గర నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంత చిన్న బోర్డులో ఇదంతా పట్టదు, లైనక్స్ కావాలి.

అక్కర్లేదు. ఇది కోయాప్ (చిన్న డివైస్‌ల కోసం చేసిన సందేశ పద్ధతి) మీద నడుస్తుంది, దాని స్థిర హెడర్, అంటే ప్రతి సందేశం ముందుండే భాగం, 4 బైట్లే. జెఫిర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో క్లయింట్ ముందే ఉంది, సీ భాషలో రాసిన వకామా అనే లైబ్రరీ ఉంది. నిజంగా మెమరీ తినేది భద్రత లైబ్రరీ, బఫర్లు. అవసరం లేని ఆబ్జెక్టులు (ఒక్కో రకం సమాచారానికి ప్రమాణం నంబరు ఇచ్చిన విభాగాలు) తీసేయండి.

అపోహ: డేటా వస్తోంది కదా, మేనేజ్‌మెంట్ ఎందుకు?

డేటా ఆగిన రోజు తెలుస్తుంది ఎందుకో. బ్యాటరీ దిగిందా, సిగ్నల్ పోయిందా, సెన్సర్ వైరు ఎలుక కొరికిందా? 3వ ఆబ్జెక్టులో బ్యాటరీ శాతం, ఎర్రర్ కోడ్, 4వ దాంట్లో సిగ్నల్ బలం ఉంటాయి. ఆ మూడూ రోజుకోసారి పంపిస్తుంటే ఏ సామాను పట్టుకుని బయలుదేరాలో ఇంటి దగ్గరే తెలుస్తుంది.

అపోహ: డివైస్ ఒకసారి రిజిస్టర్ అయితే మనం ఎప్పుడంటే అప్పుడు ఆదేశం పంపొచ్చు.

ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది ఇదే. టేబుల్ మీద వైఫైతో పరీక్షించినప్పుడు బాగానే ఉంటుంది. తోటలో సిమ్ వేశాక సర్వర్‌లో డివైస్ పేరు కనిపిస్తుంది కానీ ఆదేశానికి జవాబు రాదు. కారణం, మొబైల్ నెట్‌వర్క్ మన డివైస్‌కు ఇచ్చే దారి తాత్కాలికం. కోయాప్ సాధారణంగా వాడే యూడీపీలో (కనెక్షన్ పట్టుకుని ఉండని రవాణా పద్ధతి) కాసేపు మాటామంతీ లేకపోతే కొన్ని నిమిషాల్లోనే ఆ దారి మూసేస్తుంది. రిజిస్ట్రేషన్ గడువేమో మనం విడిగా చెప్పకపోతే ప్రమాణం ప్రకారం 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. సర్వర్ లెక్కలో డివైస్ ఇంకా బతికే ఉంటుంది, దాన్ని చేరే దారి మాత్రం ఉండదు.

దీనికి గడువు తగ్గించి నిమిషానికోసారి పలకరిస్తే బ్యాటరీ అయిపోతుంది. బ్యాటరీ డబ్బాలకు క్యూ మోడ్ పెట్టండి. డివైస్ లేచి పలకరించే దాకా సర్వర్ ఆదేశాలను దాచి ఉంచి, అప్పుడు అందిస్తుంది. నేల తేమ గంటలో పెద్దగా మారదు, ఆదేశం రెండు గంటలు ఆలస్యమైనా తోటకు నష్టం లేదు. దారి మారిన ప్రతిసారీ డీటీఎల్ఎస్ (యూడీపీ సందేశాలకు తాళం వేసే భద్రత పద్ధతి) హ్యాండ్‌షేక్ మొదటి నుంచి చేయడం ఖర్చు. 2022లో ప్రమాణమైన కనెక్షన్ ఐడీ ఆ ఖర్చును తప్పిస్తుంది. మీ లైబ్రరీ, మీ సర్వర్ రెండూ దాన్ని సపోర్ట్ చేస్తాయో లేదో కొనేముందే చూసుకోండి.

అపోహ: "సారూ, నా ఫోన్ల ఫుల్లు సిగ్నలుంది. మీ డబ్బాకేమైంది?"

రైతు అడిగేది న్యాయమే. కానీ ఫోన్ చేతిలో ఉంటుంది. డబ్బానేమో ఇనుప స్టార్టర్ పెట్టెలో పెట్టి తలుపు మూస్తారు. ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది, యాంటెన్నా బయటికి తీసి పైకి కట్టాలి. పైగా ఫోన్ ఏ నెట్‌వర్క్ మీద ఉందో, మన మాడ్యూల్ ఏ బ్యాండ్ పట్టుకుంటుందో వేరు వేరు.

అపోహ: బోరు కరెంటుకు కలిపితే బ్యాటరీ టెన్షన్ ఉండదు.

ఆ టెన్షన్ పోయి ఇంకొకటి వస్తుంది. కరెంటు పోయి రాగానే ఆ ఫీడర్ మీదున్న డబ్బాలన్నీ ఒకేసారి లేచి, ఒకేసారి సర్వర్ తలుపు తడతాయి. కొన్నింటికి జవాబు రాదు, అవి వెంటనే మళ్లీ అడుగుతాయి, రద్దీ ఇంకా పెరుగుతుంది. బూట్ అయ్యాక ఒక్కొక్కటి ఎంతోకొంత యాదృచ్ఛికంగా ఆగి రిజిస్టర్ అయ్యేలా రాయండి. విఫలమైతే విరామం పెంచుతూ పోవాలి. చిన్న బ్యాటరీ ఒకటి తోడు పెడితే కరెంటు పోయిన సంగతి కూడా డివైసే చెబుతుంది.

అపోహ: ఫర్మ్‌వేర్ ఎక్కింది, డివైస్ లేచింది, పని అయిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. 200 కిలోబైట్ల ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపితే 400 ముక్కలు. మధ్యలో సిగ్నల్ పోతే ఆగిన ముక్క నుంచే మళ్లీ మొదలయ్యేలా ఉండాలి. కోయాప్ సాధారణంగా 2, 3 సెకన్లు చూసి మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ ఆ సమయం రెట్టింపవుతుంది, అలా నాలుగుసార్లు. నెమ్మదైన నెట్‌వర్క్‌లో జవాబు రాకముందే రెండో కాపీ పోతుంది. ఆ మొదటి విరామాన్ని పెంచుకోండి.

అసలు ప్రాణం రెండు స్లాట్లలో (పాత, కొత్త ఫర్మ్‌వేర్‌లకు మెమరీలో వేరు వేరు చోట్లు) ఉంది. ఎంసీయూబూట్ లాంటి బూట్‌లోడర్‌ను (డివైస్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అలా అమరిస్తే కొత్త ఫర్మ్‌వేర్ ఇమేజ్‌ను మొదట పరీక్షకే నడుపుతుంది. అప్లికేషన్ దాన్ని ఖాయం చేయకపోతే తర్వాతి రీబూట్‌లో పాతదానికి తిరిగి పోతుంది. చాలామంది ప్రోగ్రామ్ మొదటి లైన్‌లోనే ఖాయం చేసేస్తారు. మోడెమ్ కోడ్‌లో తప్పుంటే ఆ డివైస్ చక్కగా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అందదు. సర్వర్‌లో రిజిస్టర్ అయి, ఒక రీడింగ్ చేరాకే ఖాయం చేయాలి. ఇంకొకటి, రీబూట్ జరగకపోతే వెనక్కి పోవడమూ జరగదు. కాబట్టి సర్వర్ అందకపోతే తనంతట తాను రీబూట్ అయ్యే టైమర్ ఉండాలి. టవర్‌కు కరెంటు లేక ఆలస్యం కావచ్చు కనుక పది నిమిషాలు చాలవు, నేను ఒక రోజు ఇస్తాను. ఏ అప్‌డేట్ అయినా ముందు రోడ్డు పక్క తోటల్లోని రెండు మూడు డబ్బాలకే పంపండి. అవి వారం బాగుంటే మిగతావాటికి.

అపోహ: బత్తాయి తోట సెన్సర్‌ను ఎవడు హ్యాక్ చేస్తాడు, అన్నింటికీ ఒకే కీ చాలు.

ఈరోజు అది సెన్సర్. రేపు అదే బోర్డుకు మోటార్ రిలే కలుపుతాం. గట్టు మీద నుంచి ఒక్క డబ్బా ఎత్తుకుపోయి కీ బయటికి తీస్తే అన్ని మోటార్లూ అతని చేతిలోకి పోతాయి. ప్రతి డివైస్‌కు వేరే కీ ఇవ్వండి. సర్టిఫికెట్లు వాడేవాళ్లు గడియారం సంగతి గుర్తుంచుకోవాలి: బ్యాటరీ మార్చాక తేదీ 1970కి పోతే సర్టిఫికెట్ చెల్లదంటుంది, కనెక్ట్ కాదు. సర్వర్ చిరునామా మారినా, కీలు మార్చాల్సి వచ్చినా బూట్‌స్ట్రాప్ సర్వర్ (డివైస్‌కు సర్వర్ చిరునామా, కీలు అందించే సర్వర్) ద్వారా చేయొచ్చు, దాన్ని మొదటి నుంచే పెట్టుకోండి. డబ్బా మీద స్టిక్కర్‌లో డివైస్ పేరు మాత్రమే ఉండాలి. కీ అక్కడ అచ్చు వేస్తే, సాయం అడగడానికి తీసిన ఫొటోతో పాటు అది వాట్సాప్ గ్రూపులోకి పోతుంది.