ఊరు సరైనదే, ఎయిర్‌పోర్టే వేరు

1953 జులైలో బొంబాయి శాంతాక్రజ్‌లో దిగాల్సిన బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ వాళ్ల కామెట్ జెట్ విమానం పక్కనే ఉన్న జుహూలో దిగింది. అక్కడ ఉన్నది చిన్న రన్‌వే. మళ్లీ గాల్లోకి లేపి తీసుకెళ్లేసరికి తొమ్మిది రోజులు పట్టింది. 1972 సెప్టెంబరులో జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 కూడా అదే పొరపాటు చేసి అదే జుహూలో దిగింది. ఈసారి రన్‌వే చాల్లేదు. విమానం చివర దాటి దూసుకుపోయి, ఇక ఎగరడానికి పనికిరాకుండా పోయింది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు.

పైలట్ నిద్రపోయాడా ఏంటి అనిపిస్తుంది. కానీ అసలు చిక్కు గాలితో మొదలవుతుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. అందుకే ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా ఎటు వీస్తుందో చూసి రన్‌వే వేస్తారు. దాంతో ఇరుగుపొరుగు ఎయిర్‌పోర్టుల రన్‌వేలు చాలాసార్లు దాదాపు ఒకే దిక్కుకు ఉంటాయి. రన్‌వే మీది అంకె కూడా దిక్కునే చెబుతుంది: 14 అంటే సుమారు 140 డిగ్రీలు. పక్కదాని మీద 12 ఉంటే పైనుంచి వచ్చేవాడికి పెద్దగా తేడా తెలీదు.

వాతావరణం బాగుంటే విజువల్ అప్రోచ్. రన్‌వే కనిపిస్తోందని పైలట్ చెప్పాక ఇక పెత్తనం కళ్లదే. అంటే ఈ గొడవ ఎక్కువగా మబ్బు లేని రోజుల్లోనే!

2014 జనవరి 12 రాత్రి, అమెరికాలోని బ్రాన్సన్‌కు వెళ్తున్న సౌత్‌వెస్ట్ 4013 విమానం కథ చూడండి. పైలట్లకు దూరంగా బీకన్ (ఎయిర్‌పోర్టు ఎక్కడుందో చూపే దీపం), రన్‌వే లైట్లు కనిపించాయి. ఇదే అనుకుని పక్క ఎయిర్‌పోర్టులో దిగారు. అసలు రన్‌వే పొడవు 7,140 అడుగులు, దిగినదాని పొడవు 3,738. చీకట్లో ఆ తేడా లైట్లను చూసి పోల్చుకోవడం కష్టం. బ్రేకులు గట్టిగా తొక్కితే చివరికి కొన్ని వందల అడుగుల ఇవతల ఆగింది. అవతల పల్లం, కింద హైవే. కాక్‌పిట్ కంప్యూటర్‌లో సరైన ఎయిర్‌పోర్టే ఉంది. కానీ ఎదురుగా రన్‌వే కనిపిస్తుంటే స్క్రీన్ వంక చూడాలని ఎవరికనిపిస్తుంది?

నివారణ ప్రయత్నాల్లో నాకు నచ్చింది లండన్ వాళ్లది. 1960లో పాన్ ఆమ్ 707 ఒకటి హీత్రూ అనుకుని నార్త్‌హోల్ట్‌లో దిగింది. తర్వాత దారిలోని భారీ గ్యాస్ ట్యాంకుల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాశారు, ఒకదాని మీద ఎన్‌ఓ (నార్త్‌హోల్ట్), ఇంకోదాని మీద ఎల్‌హెచ్ (లండన్ హీత్రూ). రంగు డబ్బా ఖర్చుతో పని.

బ్రాన్సన్ తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు పైలట్లను హెచ్చరించింది. దారిలో మరో ఎయిర్‌పోర్టు ఉంటే, విమానం దాన్ని దాటేదాకా కంట్రోలర్లు ల్యాండింగ్ క్లియరెన్స్ (దిగడానికి అనుమతి) ఇవ్వకూడదని కూడా సూచించింది. 2016 జులైలో ర్యాపిడ్ సిటీకి వస్తున్న డెల్టా విమానానికి, ముందు ఎల్స్‌వర్త్ వైమానిక స్థావరం వస్తుంది జాగ్రత్త అని ఏటీసీ (నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు) చెప్పింది కూడా. విమానం ఎల్స్‌వర్త్‌లోనే దిగింది.