ఎటిపికల్ కీమోకైన్ రిసెప్టర్లు: అపోహలు - వాస్తవాలు

కణం ఎటు కదలాలో చెప్పే చిన్న ప్రోటీన్లు కీమోకైన్లు. మామూలు రిసెప్టర్ (కణం పొర మీద వాటిని పట్టుకునే ప్రోటీన్) వాటిని అందుకోగానే కణం లోపల కబురు మోసే జీ ప్రోటీన్‌ను ఉసిగొల్పుతుంది, కణం ఆ దిక్కుకు పాకుతుంది. కీమోకైన్‌ను పట్టుకున్నా కణాన్ని అలా కదిలించని రిసెప్టర్లకు 2014లో ఏసీకేఆర్1 నుంచి ఏసీకేఆర్4 వరకు పేర్లు ఖరారు చేశారు. పాత పేపర్లలో డార్క్, డీ6, సీఎక్స్‌సీఆర్7, సీసీఎక్స్-సీకేఆర్ అని కనిపించేవి ఇవే. ఐదో నంబరు గొడవ ఇంకా తేలలేదు, దాని జోలికి పోవట్లేదు.

అపోహ: ఇవి కీమోకైన్లను మింగేస్తాయి కాబట్టి ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు, మంట) తగ్గిస్తాయి.

ఏసీకేఆర్2 విషయంలో ఇది చాలావరకు నిజమే. చర్మం, పేగు, ఊపిరితిత్తుల లింఫ్ నాళాల గోడల్లో ఉండి, సీసీఎల్2, సీసీఎల్5 లాంటి, వాపు పెంచే సీసీ రకం కీమోకైన్లను లోపలికి లాగి అరిగిస్తుంది. ఈ జన్యువు లేని ఎలుకల చర్మానికి ఫోర్బాల్ ఎస్టర్ (వాపు తెప్పించే రసాయనం) పూస్తే మామూలు ఎలుకల్లోలా వాపు తగ్గదు, సోరియాసిస్‌ను పోలిన పొలుసులు కడుతుంది. ఈ ఫలితం 2005లో వచ్చింది. అయితే ఎలుకల్లో తెప్పించిన పేగుపూత (కొలైటిస్) మోడల్‌లో వేర్వేరు ల్యాబ్‌లు ఒకదానికొకటి విరుద్ధమైన ఫలితాలు చూపాయి. అందుకే ‘ఏసీకేఆర్2 రక్షిస్తుంది’ అని ఎవరైనా అంటే ఏ అవయవంలో, ఏ మోడల్‌లో అని వెంటనే అడగాలి.

ఏసీకేఆర్1 కథే వేరు. చిన్న సిరల గోడల్లో ఉన్న ఏసీకేఆర్1 కీమోకైన్‌ను అరిగించదు. కణజాలం వైపు నుంచి మోసుకొచ్చి రక్తం వైపు నిలబెడుతుంది. గోడ కణాల అతుకుల దగ్గర సీఎక్స్‌సీఎల్2 అనే కీమోకైన్‌ను పట్టి ఉంచి, న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణం) బయటికి దాటేందుకు తోడ్పడుతుందని ఎలుకల్లో తేలింది. అంటే ఇక్కడ ఇది ఇన్‌ఫ్లమేషన్‌కు సాయమే చేస్తోంది. అదే రిసెప్టర్ ఎర్ర రక్తకణం మీద ఉన్నప్పుడు రక్తంలోని కీమోకైన్లను పట్టి ఉంచే నిల్వగా పనిచేస్తుంది. రిసెప్టర్ ఒక్కటే, ఏ కణం మీద ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

అపోహ: డఫీ నెగటివ్ అంటే ఒంట్లో ఎక్కడా ఏసీకేఆర్1 ఉండదు.

డఫీ అనే బ్లడ్ గ్రూప్ గుర్తు (యాంటిజెన్) ఏసీకేఆర్1దే. అది ఎర్రకణాలపై లేనివారే డఫీ నెగటివ్. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలో ఎక్కువగా కనిపించే మార్పు జన్యువును ఆన్ చేసే భాగంలో (ప్రమోటర్), జీఏటీఏ-1 అనే ప్రోటీన్ అతికే చోట ఉంటుంది. దానివల్ల ఎర్రకణాలపై రిసెప్టర్ పోతుంది, సిరల గోడల్లో మాత్రం ఉంటుంది. వీరి న్యూట్రోఫిల్ లెక్క తరచూ మైక్రోలీటరుకు 1500 కంటే తక్కువ వస్తుంది. ఎముక మజ్జ మామూలుగానే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ల బెడదా పెరగదు. అలాంటి రిపోర్టు చూసి క్లోజపిన్‌నో (న్యూట్రోఫిల్ లెక్క చూస్తూ ఇచ్చే మానసిక జబ్బు మందు) కీమోథెరపీనో ఆపేముందు డఫీ టైప్ చేయించడం మేలు. క్లోజపిన్ మార్గదర్శకాల్లో ఇలాంటివారికి హద్దును 1000కి తగ్గించారు కూడా. డఫీ నెగటివ్ వారికి వైవాక్స్ మలేరియా అసలు రాదన్న మాటా పూర్తి నిజం కాదు: అరుదే అయినా, మడగాస్కర్‌లో అలాంటి కేసులు 2010లో నమోదయ్యాయి.

ఎర్రకణాల మీది ఏసీకేఆర్1 ప్రభావం రక్త నమూనా మీదా పడుతుంది. గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబులో తీస్తే ఎర్రకణాలకు అంటుకున్న సీసీఎల్2 ఊడి ప్లాస్మాలోకి వస్తుంది. రక్తం గడ్డకట్టినా, కణాలు పగిలినా లెక్క మారుతుంది. కాబట్టి ఒక అధ్యయనంలో అన్ని నమూనాలూ ఒకే రకం ట్యూబులో ఉండాలి, ఎర్రబారిన ప్లాస్మాను పక్కన పెట్టాలి. సీరం, హెపారిన్, ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మరో రసాయనం) నమూనాలు కలగలిపిన డేటాలో తేడా వస్తే అది జబ్బు వల్లనో, ట్యూబు వల్లనో చెప్పలేం.

అపోహ: కాల్షియం పెరగలేదు కాబట్టి రిసెప్టర్ పనిచేయట్లేదు.

మామూలు రిసెప్టర్ జీ ప్రోటీన్‌ను ఉసిగొల్పితే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఇక్కడ జీ ప్రోటీనే రాకపోతే అది ఎందుకు పెరుగుతుంది? ఏసీకేఆర్3కి సీఎక్స్‌సీఎల్12 కీమోకైన్ తగిలితే బీటా-అరెస్టిన్ అనే మరో ప్రోటీన్ చేరుతుంది, చూడాల్సింది దాన్నే. ఇంకో ఉచ్చు ప్లెరిక్సాఫోర్. సీఎక్స్‌సీఆర్4 అనే మామూలు రిసెప్టర్‌ను అడ్డుకునే ఈ మందు మైక్రోమోలార్ మోతాదుల్లో ఏసీకేఆర్3ని ఉత్తేజపరుస్తుంది. దాన్ని వేయగానే వచ్చిన మార్పునంతా సీఎక్స్‌సీఆర్4 ఖాతాలో రాయకండి. ఏసీకేఆర్3 తీసేసిన కణాలతో పోల్చి చూడండి.

అపోహ: ద్రవంలో కీమోకైన్ తగ్గితే రిసెప్టర్ మింగేసినట్టే.

కీమోకైన్లు ప్లాస్టిక్‌కూ, కణాల మీది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకూ అంటుకుపోతాయి. మీడియంలో (కణాలు పెరిగే ద్రవం) 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తపు అల్బుమిన్) వేయండి. రిసెప్టర్ లేని అవే కణాలు, అసలు కణాలు లేని ప్లేటు గుంట (వెల్), ఈ రెండు కంట్రోళ్లూ తప్పనిసరి. ఫ్లోరోసెంట్ కీమోకైన్‌తో ఒక భాగాన్ని 37 డిగ్రీల వద్ద, ఒక భాగాన్ని 4 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి, పీహెచ్ 3 దగ్గరి చల్లని గ్లైసిన్‌తో ఒకటి రెండు నిమిషాలు కడగండి. 4 డిగ్రీల నమూనాలో కాంతి ఇంకా మిగిలిందంటే పైపొర కడుగుడు సరిపోలేదు, 37 డిగ్రీల అంకెను నమ్మొద్దు. ఏసీకేఆర్2 అత్యధిక భాగం కణం లోపలి చిన్న సంచుల్లోనే (ఎండోసోములు) తిరుగుతుంటుంది. పైపొర స్టెయిన్ మసకగా వస్తే రిసెప్టర్ లేదని రాసేయకుండా, పొరకు రంధ్రాలు చేసి మళ్లీ స్టెయిన్ చేయండి.