ఎద్దుకు బండ, మనిషికి పిడికిలి

మా టంగుటూరు వైపు ఊళ్లలో తిరునాళ్లంటే బండలాగుడు పందెం ఉండాల్సిందే. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్లేవాణ్ణి. గిత్తలు బరిలోకి దిగేటప్పుడు జనం మూపురం చూసి, మెడ చూసి, "ఫస్టు దీనిదేరా" అని తేల్చేసేవాళ్లు. నాన్న మాత్రం "అందం చూసి చెప్పబాక, బండ కదలనీ" అనేవాడు.

నిజానికి ఆ పందెం మంచి సైన్సు ప్రయోగం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు. బండ బరువు ముందే తెలుసు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో కొలిచి మైకులో చెబుతారు. మూపురానికి మార్కుల్లేవు.

గిత్తలకు ఇంత పద్ధతిగా కొలిచే మనం మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కే మర్చిపోయాం. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఆమె రిపోర్టుల ఫైలు మా పట్టాదారు పాసు పుస్తకం కంటే భద్రంగా బీరువాలో ఉంటుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అన్నీ అందులో ఉన్నాయి, అన్నీ కంట్రోల్లోనే ఉన్నాయి. కానీ పీట మీద నుంచి లేవాలంటే ఒక చెయ్యి నేలకు ఆనించాలి, రెండోది గోడకు. తడి దుప్పటి పిండటం మానేసి ఏడాదైంది, నీళ్లోడుతుండగానే తీగ మీద వేసేస్తోంది. "వయసు మీద పడిందిలే" అన్నారు అందరూ. ఫైల్లో మాత్రం దాని గురించి ఒక్క అంకె లేదు.

ఆ అంకె ఒంగోలులో అమ్మ భుజం నొప్పికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు దొరికింది. ఆయన బల్ల మీద పిడికిలి బలం కొలిచే డైనమోమీటరు ఉంది. పిడికిట్లో ఇమిడే రెండు కడ్డీలు, పైన ముల్లున్న డయల్, అంతే. కూర్చుని, మోచెయ్యి ఒంటికి ఆనించి, లంబకోణంలో వంచి, శక్తికొద్దీ నొక్కాలి. "గట్టిగా పిండండమ్మా, దుప్పటి అనుకోండి" అన్నాడాయన. ఏ దుప్పటి మాట ఎత్తకూడదో సరిగ్గా అదే ఎత్తాడు. నొప్పి లేని చేతితో మూడుసార్లు నొక్కితే ఎక్కువలో ఎక్కువ 15 కిలోలు వచ్చింది. కండరాల క్షీణతపై ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు ఆడవాళ్లకు 18, మగవాళ్లకు 28 కిలోలు. అంతకంటే తక్కువైతే బలం తగ్గినట్టే.

ఈ పరికరం కొత్తదేమీ కాదు. ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ కోరిక మీద పారిస్‌లో రెనియే అనే పనివాడు ఉక్కు స్ప్రింగుతో ఇలాంటిది తయారుచేసి, 1798లో దాని వివరాలు ప్రచురించాడు. దాంతో మనుషుల పిడికిలి బలమే కాదు, గుర్రాలు లాగే బలమూ కొలిచేవాళ్లు. మా నాన్న వింటే సంతోషించేవాడు.

పిడికిలికీ ఆయుష్షుకీ సంబంధమేంటని నేనూ అనుకున్నాను. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మన దేశంతో కలిపి 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది పిడికిలి బలం కొలిచి, నాలుగేళ్లపాటు గమనించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఎవరికి ముప్పు ఉందో చెప్పడంలో బీపీ పై అంకె కంటే ఇదే మెరుగ్గా పనికొచ్చింది.

ఇది చదివి రబ్బరు బంతి కొని టీవీ ముందు నొక్కుతూ కూర్చుంటే లాభం లేదు. కుండలో అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. ఆ ఒక్క మెతుకునే విడిగా ఉడికిస్తే కుండలో అన్నం ఉడకదు కదా. పిడికిలి కూడా అలాంటి మెతుకే. అసలు చూడాల్సింది తొడలు, పిరుదులు, నడుము. దానికి పరికరం కూడా అక్కర్లేదు. చేతులు గుండెలకు అడ్డంగా కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే ఆలోచించాలి. గోడకు ఆనించిన కుర్చీ మీద, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి అమ్మ చేత చేయిస్తే 17 సెకన్లు పట్టింది. నాలుగోసారి లేచేటప్పుడు కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయి తొడల మీదికి వచ్చాయి.

పందెంలో నాకు బాగా గుర్తున్నది విజిల్ ఊదిన మొదటి క్షణం. కదులుతున్న బండను లాగడం ఒక ఎత్తు, నేలకు కరుచుకున్న బండను కదిలించడం ఒక ఎత్తు. అక్కడ బలం ఉంటే చాలదు, అదంతా ఒక్కసారిగా అందిరావాలి. కండరాల్లో నిదానంగా, ఎక్కువసేపు పనిచేసే పోగులు ఉన్నాయి, చురుగ్గా లాగి తొందరగా అలిసిపోయేవీ ఉన్నాయి. వయసుతో ఎక్కువగా సన్నబడేది ఈ చురుకు పోగులే. బాత్రూంలో కాలు జారినప్పుడు పడకుండా ఆపేవీ అవే. అందుకే రోజూ గంటసేపు నడిచేవాళ్లు కూడా తడి నేల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. నడక గుండెకు మంచిదే, కానీ ఈ పోగులకు అది పెద్ద పనేం కాదు.

షుగరున్నవాళ్లకు ఇంకో సంగతి. తిన్నాక ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి వెళ్లే గ్లూకోజును ఎక్కువ భాగం తీసుకునేది కండే. కండ తగ్గిందంటే చక్కెర దాచుకునే గాదె చిన్నదైనట్టు.

ఇక వయసు సంగతి. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్ల వాళ్లు పది మంది చేత కాళ్లతో బరువులు ఎత్తించారు. ఎనిమిది వారాలు చేసినవాళ్లకు తొడల బలం సగటున 174 శాతం పెరిగింది, ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తొడ కండ పరిమాణం మాత్రం 9 శాతమే పెరిగింది. ఇంత తేడా ఎందుకంటే, మొదటి వారాల్లో బలం ఎక్కువగా పెరిగేది నరాల వల్ల. ఉన్న పోగుల్లో ఎక్కువవాటిని ఒకేసారి పనిలో పెట్టడం నరాలు నేర్చుకుంటాయి. అందం చూసి చెప్పబాకన్న మాట మనుషులకూ వర్తిస్తుందన్నమాట.

మా ఇంట్లో ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే మొదలుపెట్టాం. పందెం గిత్తకు సాధనలో బరువు కొద్దికొద్దిగా పెంచినట్టు, ముందు కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు చేశాం. రెండు వారాలకు ఒకటి తీసేశాం, తర్వాత రెండోదీ తీసేశాం. కుక్కరు మూడు విజిల్స్ వచ్చేలోపు పదిసార్లు లేచి కూర్చోవడం అమ్మ లెక్క. రాత్రిపూట చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టేది, ఇప్పుడు కంచంలో గుడ్డో చేపముక్కో ఉంటోంది.

మొన్న ఆదివారం మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టాం. 13 సెకన్లు. చేతులు కట్టుకున్నవి కట్టుకున్నట్టే ఉన్నాయి. "నువ్వు లేటుగా నొక్కావు నాయనా, ఇంకోసారి పెట్టు" అంది.