పచ్చ కాలనీ, పసుపు కాలనీ: విబ్రియో గురించి మా ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

పొద్దున్న ఏడు గంటలకే ఫోన్‌కి ఫొటో వస్తుంది. చెరువు గట్టు మీద ఎండలో పట్టుకున్న పెట్రీ ప్లేటు, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే చిన్న మూతపళ్లెం. దాని కింద వాయిస్ మెసేజ్: "మేడమ్, మొత్తం పచ్చ వచ్చేసిందండి. ఏం మందు చల్లమంటారు?" రొయ్య మేత తింటోందా, పేగు నిండుగా ఉందా, చెక్ ట్రేలో చచ్చినవేమైనా పడ్డాయా అని నేనే అడగాలి. "తింటోందండి, అంతా బాగానే ఉందండి. కానీ పచ్చ వచ్చింది కదండీ!"

గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువుల నీళ్లు, రొయ్యలు పరీక్ష చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. సముద్ర బ్యాక్టీరియాలో రోజూ నా చేతికి తగిలేది విబ్రియో కుటుంబం. వంకర కడ్డీలా ఉండే ఒంటి కణం, చివర తోక, ఈత బాగా వచ్చు, ఉప్పంటే ఇష్టం. ఈ కుటుంబం మీద మా ప్రాంతంలో ఉన్నన్ని అపోహలు ఇంకే బ్యాక్టీరియా మీదా లేవేమో.

అపోహ: పచ్చ కాలనీ చంపేది, పసుపు కాలనీ మంచిది

అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే, ఎక్కువ డబ్బు తగలేసేదీ ఇదే.

విబ్రియో కోసం మేము వాడే మీడియం, అంటే ప్లేటులో బ్యాక్టీరియాకి పోసే మేత, పేరు టీసీబీఎస్. దాని మీద బ్యాక్టీరియా గుంపుగా పెరిగి కనిపించే చుక్కనే కాలనీ అంటాం. అందులో సుక్రోజ్ ఉంటుంది, అంటే మన వంటింటి పంచదారే. దాంతోపాటు బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు కూడా ఉంటుంది. పంచదారను పులియబెట్టే బ్యాక్టీరియా పెరిగితే ఆమ్లం పుట్టి ఆ చోటు పసుపవుతుంది. పులియబెట్టలేనిది పెరిగితే పచ్చగానే ఉండిపోతుంది. ఆ రంగు చెప్పేది ఇంతే: ఇది పంచదార తింటుందా, తినదా. తినేవాళ్లంతా దొరలు, తిననివాళ్లంతా దొంగలు అని ఆ ప్లేటు ఎక్కడా చెప్పలేదు.

విబ్రియో జాతుల్లో పారాహీమోలిటికస్ పచ్చగా వస్తుంది, నిజమే. కాంప్‌బెల్లీ కూడా సాధారణంగా అంతే. హార్వేయీ అయితే కొన్ని స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని రకాలు) పచ్చ, కొన్ని పసుపు. ఇక పసుపు వైపు ఎవరున్నారో చూడండి. ఆల్జినోలిటికస్ ఉంది. చేపల పెంపకంలో పేరుమోసిన ఆంగ్విల్లారమ్ ఉంది. కలరా తెచ్చే విబ్రియో కలరే కూడా పసుపే! ఈ మాట చెప్పగానే అవతల ఫోన్‌లో కాసేపు చప్పుడుండదు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు. 1990ల మొదట్లో ఈక్వడార్‌లో రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీల్లో పసుపు కాలనీలిచ్చే ఆల్జినోలిటికస్‌ను ప్రొబయోటిక్‌గా, అంటే మేలు చేసే బ్యాక్టీరియాగా వాడారు. అది ఒక హేచరీ పద్ధతి. మన దగ్గర అదే ఏకంగా శాస్త్రమైపోయింది. అదే ఆల్జినోలిటికస్‌లో రొయ్యకి, చేపకి జబ్బు తెచ్చే స్ట్రెయిన్లూ ఉన్నాయి.

ఇక ఆ రంగు కూడా నిలకడగా ఉండదు. ఈ పాఠం నాకు ఒక సంక్రాంతికి తగిలింది. పండగ ముందు రోజు ప్లేట్లు పోసి, 24 గంటలకి చూడాల్సినవి మూడో రోజు చూశాను. ఒక చెరువు ప్లేట్లన్నీ పచ్చగా కనిపించాయి. అలాగే రిపోర్టు రాసేశాను. రైతు కంగారుపడి శానిటైజర్ చల్లించాడు. తర్వాత అదే శాంపిల్ మళ్లీ పోసి టైముకి చూస్తే పసుపు! పంచదార అయిపోయాక అదే బ్యాక్టీరియా మీడియంలోని పెప్టోన్ (ప్రోటీన్ ముక్కలు) తినడం మొదలుపెడుతుంది. ఆమ్లం తగ్గి పసుపు మళ్లీ పచ్చకి తిరుగుతుంది. ఫ్రిజ్‌లో ఉంచిన ప్లేట్లలోనూ ఇలా జరుగుతుంది. దీనికి ఉల్టా కూడా ఉంది. పసుపు కాలనీలు కిక్కిరిసి ఉంటే ఆ ఆమ్లం పక్కకి పాకి, మధ్యలో ఉన్న పచ్చవాటిని కూడా పసుపులో ముంచేస్తుంది. అప్పటినుంచి ప్లేటు మూత మీద పోసిన టైము రాయకుండా ఇంక్యుబేటర్ తలుపు వేయను.

ఇంకొకటి. టీసీబీఎస్ మీద పెరిగిందల్లా విబ్రియో కాదు. సూది మొనంత పసుపు చుక్కలు ఎంటరోకోకస్ కావచ్చు.

అపోహ: పారాహీమోలిటికస్ అని తేలితే ఈఎంఎస్ వచ్చేసినట్టే

పారాహీమోలిటికస్ మొదట దొరికింది రొయ్యలో కాదు. 1950లో జపాన్‌లోని ఒసాకాలో షిరాసు అనే చిన్న ఎండు చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. ఆ కేసులో సునేసబురో ఫుజినో దీన్ని పట్టుకున్నారు. ఉప్పునీళ్లున్న చోటల్లా ఇది ఉంటుంది. మీ చెరువులోనూ ఉంటుంది, పక్కాయన చెరువులోనూ ఉంటుంది.

ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) అంటే పిల్ల వేసిన నెలలోపే రొయ్యలు చచ్చిపోయే జబ్బు, 2009 ప్రాంతంలో చైనాలో బయటపడింది. లివర్ పాలిపోయి కుంచించుకుపోతుంది, పేగు ఖాళీ అవుతుంది. దానికి కారణం పారాహీమోలిటికస్‌లోని కొన్ని స్ట్రెయిన్లని 2013లో అరిజోనా యూనివర్సిటీలో లైట్నర్ బృందం తేల్చింది. కొన్ని స్ట్రెయిన్లు అన్న మాట ముఖ్యం. విషం తయారుచేసే పిర్-ఎ, పిర్-బి జీన్లు ఆ బ్యాక్టీరియా సొంత క్రోమోజోముల్లో లేవు. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ ఉంగరం మీద ఉన్నాయి. ఆ ఉంగరం లేని పారాహీమోలిటికస్ ఈ జబ్బు తేలేదు. ఉంగరం దొరికితే కాంప్‌బెల్లీ, ఓవెన్సీ లాంటి చుట్టాలు కూడా తెస్తాయి. జాతి పేరు ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు చూసి మనిషి జేబులో కత్తి ఉందో లేదో చెప్పలేం కదా. కత్తి సంగతి తెలియాలంటే ఆ జీన్ల కోసం పీసీఆర్ చేయాల్సిందే.

కలరాదీ ఇదే కథ. విబ్రియో కలరేలో రెండు వందలకు పైగా సీరోగ్రూపులు, అంటే కణం పై పొరని బట్టి విడదీసిన రకాలు ఉన్నాయి. పెద్ద ఎత్తున కలరా తెచ్చినవి ఓ1, ఓ139 మాత్రమే. ఓ139 మొదట కనిపించింది 1992లో మద్రాసులో. ఆ కలరా విషపు జీన్ కూడా ఒక వైరస్ మోసుకొచ్చిందే.

ఈ జీన్ల అరువు బేరం జరిగే చోట్లలో ఒకటి మన రైతులకి బాగా తెలిసినదే. రొయ్య మోల్టింగ్‌లో వదిలేసే పెంకు కైటిన్‌తో తయారవుతుంది. విబ్రియోకి కైటిన్ తిండీ, ఇల్లూ కూడా. దాని మీద కూర్చున్నప్పుడు విబ్రియో కలరే చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ముక్కల్ని లోపలికి లాక్కోగలదని 2005లో చూపించారు. ఏరేటర్లు తిరిగే చెరువు మధ్యలో పోగైన బురదలో పెంకులు, మిగిలిన మేత కుళ్లుతుంటే నాకు టెన్షన్ వస్తుంది. ప్లేటు మీద పచ్చ చూస్తే అంత రాదు.

అపోహ: సముద్రపు బ్యాక్టీరియా ఉప్పు తక్కువ చెరువులో ఉండదు

ఉంటుంది. సముద్రంలో ఉప్పు సుమారు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు. మన వనామి రొయ్యల చెరువులు చాలా వరకు అంతకన్నా చాలా తక్కువలో నడుస్తాయి. పారాహీమోలిటికస్‌కి 5 పీపీటీ ఉన్నా చాలు. అయితే సోడియం బొత్తిగా లేకపోతే పెరగలేదు. దాని తోక తిరిగేదే సోడియంతో. కలరేకి అంత పట్టింపు లేదు, మంచినీళ్లలో కూడా కాలం వెళ్లబుచ్చుతుంది.

అపోహ: ప్లేటులో వచ్చిన కౌంటే నీళ్లలో ఉన్న మొత్తం బ్యాక్టీరియా

ఒక మిల్లీలీటరు సముద్రపు నీళ్లలో సుమారు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. మామూలు మీడియం మీద మొలిచేవి అందులో నూటికి ఒకటి కూడా ఉండవు. సముద్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఎస్‌ఏఆర్11 గుంపునే తీసుకోండి. అలాంటిదొకటి ఉందని 1990లో డీఎన్‌ఏ ద్వారానే తెలిసింది, ల్యాబ్‌లో పెంచడానికి 2002 దాకా పట్టింది. మన ప్లేటు మీద కనిపించేవి పిలవగానే పరిగెత్తుకొచ్చే తిండిపోతులు మాత్రమే.

అపోహ: రిపోర్టులో రాసిన జాతి పేరుకి తిరుగులేదు

అసలు జాతుల సరిహద్దులే ఇంకా కదులుతున్నాయి. అందరూ హార్వేయీ అనుకుంటూ ఏళ్ల తరబడి పరిశోధన చేసిన బీబీ120 అనే స్ట్రెయిన్ నిజానికి కాంప్‌బెల్లీ అని 2010లో తేలింది. ఫిషరీ అనే జాతిని 2007లో విబ్రియోలోంచి తీసి అలీవిబ్రియోలో పెట్టారు. బ్యాక్టీరియా వర్గీకరణకి మామూలుగా వాడే 16ఎస్ జీన్ ఈ దగ్గరి చుట్టాల మధ్య సరిగ్గా తేడా పట్టుకోలేదు. ఇక రంగు చూసి, నాలుగు బయోకెమికల్ టెస్టులు చేసి "హార్వేయీ" అని గట్టిగా రాసిన రిపోర్టుని ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి. మా ల్యాబ్ రిపోర్టు కూడా కలిపే అంటున్నాను.

అపోహ: బ్లీచింగ్ కొడితే విబ్రియో పీడ పోతుంది

పోతుంది, ఓ రెండు రోజులు. క్లోరిన్ విబ్రియోతో పాటు దానికి పోటీగా ఉన్న నెమ్మదైన బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది. చచ్చినదంతా తిండిగా మిగులుతుంది. క్లోరిన్ తగ్గాక ఆ ఖాళీ ఇంట్లోకి ముందు దూరేది ఎవరు? వేగంగా పెరిగేవాళ్లు. విబ్రియో నేట్రియెజెన్స్ అనుకూల పరిస్థితుల్లో పది నిమిషాల లోపే రెట్టింపవుతుంది. పది నిమిషాలనే లెక్కేసినా, ఒక్క కణం మూడు గంటల్లో రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. పిల్ల వేసే ముందు నీళ్లు శుద్ధి చేయొద్దని కాదు. కల్చర్ మధ్యలో, రొయ్య బాగా తింటుండగా, ప్లేటు రంగు చూసి చల్లొద్దంటున్నాను. యాంటీబయోటిక్ సంగతి అడగనే వద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటివి నిషేధంలో ఉన్నాయి. రొయ్య జబ్బుల్లో వైట్ స్పాట్‌కి కారణం వైరస్, ఈహెచ్‌పీకి కారణం మైక్రోస్పోరిడియా అనే ఫంగస్ లాంటి పరాన్నజీవి. వాటి మీద యాంటీబయోటిక్ పని చేయదు.

అపోహ: రాత్రి చెరువు మెరిస్తే ఎవరో ఫాస్ఫరస్ కలిపారు

ఎవరూ ఏమీ కలపలేదు. హార్వేయీ, కాంప్‌బెల్లీ స్ట్రెయిన్లు కొన్ని నీలి పచ్చ వెలుగునిస్తాయి. అవి గుంపు పెరిగిందని ఒకదానికొకటి రసాయన కబురు పంపుకున్నాకే దీపం వెలిగిస్తాయి. నీళ్లు కదిపినప్పుడే తళుక్కుమంటే అది ఎక్కువగా డైనోఫ్లాజెల్లేట్ అనే నాచు జాతి పని, కదపకపోయినా నిలకడగా వెలిగితే బ్యాక్టీరియా. హేచరీ ట్యాంకులో ఈ వెలుగు కనిపిస్తే మాత్రం కబుర్లు కట్టిపెట్టి శాంపిల్ తీయాలి. 1995 జనవరిలో సోమాలియా తీరానికి దూరంగా హిందూ మహాసముద్రం 15 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఇలా వెలిగింది. ఉపగ్రహం చిత్రాల్లో కూడా పడింది. నేను చూసింది చీకటి గదిలో ఒక్క ప్లేటే, అయినా ఆ రోజు భోజనం మర్చిపోయాను.

అపోహ: రొయ్య విబ్రియో మనిషికి అంటదు

రొయ్య కొమ్ము చేతికి గుచ్చుకోకుండా పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే పని) అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. వల్నిఫికస్ అనే విబ్రియో అలాంటి గాయంలోంచే లోపలికి వెళ్తుంది. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తేగలదు. గాయమున్న చేత్తో నీళ్లలోకి దిగకండి, గ్లవ్స్ వేసుకోండి. గుచ్చుకుంటే వెంటనే సబ్బు పెట్టి శుభ్రమైన నీళ్లతో కడగండి. చెయ్యి వాచి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు అడిగే వరకు చూడకుండా మొదటి మాటే చెప్పండి: "రొయ్యల చెరువులో పని చేశానండి, చేతికి గుచ్చుకుంది."