ఏడు గోల్స్ పడిన రాత్రి

చైతూ, చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మన జట్టు క్రికెట్ మ్యాచ్ ఓడిపోయినప్పటి నుంచి చైతూ సరిగా అన్నం తినడం లేదని, చిన్ని గోడ మీది పోస్టరు చింపేసిందని చెప్పింది. ఓడిపోతే ఏడుపు రావడంలో తప్పేం లేదు నాన్నా. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను, ఓడి ఏడ్చిన పిల్లలే మర్నాడు అందరికంటే ముందు గ్రౌండుకి వచ్చేవాళ్లు. కానీ క్యాచ్ వదిలేసిన ఆటగాడిని, వాళ్లమ్మని కూడా కలిపి తిడుతూ, చైతూ ఫోన్‌లో ఏదో రాశాడని చెప్పింది. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీకు క్రికెట్టే లోకం. నేను మాత్రం ఫుట్‌బాల్ సంగతి చెబుతాను. బ్రెజిల్ వాళ్లకి ఆ ఆటంటే మనకి క్రికెట్ ఉన్నట్టే, ఇంకా ఎక్కువే.

2014 జూలై 8. మనకి అప్పటికే తొమ్మిదో తేదీ వచ్చేసింది, రాత్రి ఒకటిన్నర. ప్రపంచకప్ సెమీఫైనల్, బెలో హొరిజోంటి నగరంలో, బ్రెజిల్‌కీ జర్మనీకీ. సొంత గడ్డ మీద ఆట. కానీ అంతకుముందు మ్యాచ్‌లోనే బ్రెజిల్ ప్రధాన ఆటగాడు నెయ్‌మార్‌కి వెన్నుపూస చిట్లింది, కెప్టెన్ తియాగో సిల్వాకి తప్పుడు ఆటకి హెచ్చరికగా చూపించే ఎల్లో కార్డుల వల్ల ఆడే వీలు లేకపోయింది. జాతీయగీతం పాడేటప్పుడు ఇద్దరు ఆటగాళ్లు నెయ్‌మార్ చొక్కాని పైకెత్తి పట్టుకున్నారు. అది చూసి మీ నానమ్మ, "ఇదేంటి, ఆడకముందే ఇంత బరువు మోస్తున్నారు" అంది.

11వ నిమిషంలో జర్మనీ కొట్టిన మొదటి గోల్ పడింది. పడితే పడింది, ఇంకా 79 నిమిషాల ఆట ఉంది. కానీ ఆ బాకీ అప్పటికప్పుడే తీర్చేయాలని బ్రెజిల్ వాళ్లందరూ ముందుకి ఉరికారు. వెనక మైదానం ఖాళీ. జర్మన్లు ఏమాత్రం తొందరపడకుండా, మన పిల్లలకి ప్రాక్టీసులో నేర్పినట్టు, ఒకరికొకరు బంతి అందించుకుంటూ వచ్చేశారు. 23, 24, 26, 29 నిమిషాల్లో నాలుగు గోల్స్. 26వ నిమిషంలోదైతే బ్రెజిల్ ఆటగాడి కాళ్ల దగ్గరి బంతినే లాక్కుని కొట్టారు. మీ నానమ్మ మంచినీళ్లకని లోపలికి వెళ్లి వచ్చేసరికి స్కోరు మారిపోయింది. అరగంట కాకుండానే ఐదు. చివరికి 7–1.

ఇప్పుడు ఆటగాళ్లని వదిలేసి జనాన్ని చూద్దాం. టీవీలో కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయింది. ముఖానికి పూసుకున్న పసుపు, ఆకుపచ్చ రంగులు కన్నీళ్లకి కరిగి చెంపల మీద చారలు కట్టాయి. కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు తిట్టారు. ఫ్రెడ్ అనే ఫార్వర్డ్ మైదానం వదిలి బయటికి వస్తుంటే సొంత జనమే గేలి చేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది.

79వ నిమిషంలో ష్యుర్లే అనే జర్మన్ కుర్రాడు ఏడో గోల్ కొట్టాడు. గోల్‌పోస్టు పైకమ్మీకి తగిలి లోపల పడింది, ఎంతో అందమైన గోల్. అప్పుడు బ్రెజిల్ జనం చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంకొకాయన ఉన్నాడు, తెల్ల మీసాలు, నెత్తిన టోపీ, గుండెలకి హత్తుకున్న ప్రపంచకప్ నమూనా. ఏడుపు దిగమింగుకుంటున్న ఆయన ఫోటో లోకమంతా చూసింది. ఆట అయ్యాక ఆయన ఆ కప్పుని ఒక జర్మన్ అమ్మాయి చేతిలో పెట్టి, ఫైనల్‌కి తీసుకెళ్లమని చెప్పి పంపాడు.

ఇక అదే బ్రెజిల్‌లో, 1950 జూలై 16న, రియోలోని మరకానా స్టేడియంలో. అప్పుడూ ప్రపంచకప్ వాళ్ల దేశంలోనే. చివరి మ్యాచ్ ఉరుగ్వేతో, డ్రా చేసుకున్నా కప్పు వాళ్లదే. దాదాపు రెండు లక్షల జనం. బ్రెజిల్ ఒక గోల్ కొట్టింది, ఉరుగ్వే సమం చేసింది. అప్పుడు కుడివైపు నుంచి ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా బంతితో దూసుకొచ్చాడు. ముందటి గోల్‌కి అతను అక్కడినుంచే బంతిని మధ్యలోకి ఇచ్చాడు. ఈసారీ అలాగే ఇస్తాడనుకుని బ్రెజిల్ గోల్‌కీపర్ బర్బోసా ఒక్క అడుగు ఇటు వేశాడు. గిగ్గియా బంతిని స్తంభానికీ బర్బోసాకీ మధ్య సందులోకి కొట్టాడు. అదీ 79వ నిమిషమే.

ఆ ఒక్క అడుగుని దేశం క్షమించలేదు. ఓటమిని ముగ్గురి నెత్తిన రుద్దారు: బర్బోసా, డిఫెన్స్‌లో ఆడిన బిగోడే, జువెనాల్. ముగ్గురూ నల్లజాతివాళ్లే. ఇది యాదృచ్ఛికం కాదు. జనానికి కోపం వచ్చినప్పుడు అంతకుముందే ఎవరిని తక్కువగా చూస్తున్నారో వాళ్ల మీదికే ముందు వెళుతుంది. మన దగ్గర కూడా, ఓటమి తరువాత ఏ పేరున్న ఆటగాడికి ఎక్కువ తిట్లు పడతాయో ఒకసారి గమనించండి.

ఏళ్ల తరువాత ఒక దుకాణంలో ఒకామె బర్బోసాని చూపించి తన కొడుకుతో, దేశాన్నంతా ఏడిపించింది ఈయనే అని చెప్పిందట. 1993లో జాతీయ జట్టుని చూడడానికి వెళితే దురదృష్టం అంటుకుంటుందని లోపలికి రానివ్వలేదు. బ్రెజిల్‌లో ఎంత పెద్ద నేరానికైనా శిక్ష 30 ఏళ్లే, నేను 50 ఏళ్లుగా అనుభవిస్తున్నాను అనేవాడు ఆయన. 2000లో పోయాడు. 2014లో ఏడు గోల్స్ పడ్డాక, బర్బోసాకి ఇప్పుడు విముక్తి దొరికిందని అక్కడ చాలామంది అన్నారు. ఒక్క గోల్ అయితే ఒకడి నెత్తిన రుద్దొచ్చు, ఏడు గోల్స్ ఎవరి నెత్తిన రుద్దుతారు?

మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామందివి ఉత్త కాళ్లు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాదులో టీచరు. పది గోల్స్ తిన్నారని ఆయన్ని తరిమేయలేదు. ఆ తరువాత మనవాళ్లు బూట్లు వేసుకుని ఆడడం నేర్చుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, రెండూ ఆయన చేతుల మీదుగానే. జకార్తా నాటికి ఆయన క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడాదే పోయాడు.

చైతూ, ఆ రాసినది తీసేయి. నేను చెప్పానని కాదు, ఆ ఆటగాడి తల్లి చదువుతుందేమోనని.

నేనూ ఒకసారి అలాగే చేశాను. జిల్లా ఫైనల్లో మా బడి పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది. మర్నాడు ప్రార్థన దగ్గర, పిల్లలందరి ముందు, ఒక పిల్లవాడిని నిలబెట్టి "నీవల్లే పోయింది" అన్నాను. తొమ్మిదో తరగతి. వాడు మళ్లీ గ్రౌండుకి రాలేదు, నేనూ పిలవలేదు. ఇప్పుడు మన బస్టాండు దగ్గర మందుల షాపు వాడిదే. నా బీపీ మాత్రలు వాడి దగ్గరే కొంటాను. "నమస్తే మాస్టారూ" అంటాడు, చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు, అంతే. ఎల్లుండికి మాత్రలు అయిపోతాయి. ఈసారి కాసేపు కూర్చుని వాడితో మాట్లాడి వస్తాను.

మీ తాతయ్య