కోఠీలో కోటి ఏమున్నాయి?

చిన్నీకి, బబ్లూకి తాత ఆశీస్సులు.

మొన్న మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి బబ్లూ గొంతు వినపడింది. "తాతా, బస్సు మీద కోటి అని రాసుంది, అక్కడ కోటి ఏమున్నయి?" అని. నాకు నవ్వొచ్చి జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. రాత్రి పడుకున్నాక అనిపించింది, అడిగింది మంచి ప్రశ్నే కదా అని.

ఒరేయ్ బబ్లూ, నువ్వు అక్షరం పొట్టలో చుక్క చూసుకోలేదు. అది కోటి కాదు, మన హైదరాబాదులో కోఠీ. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద బంగళా. ఒక ఇంటి పేరే చుట్టూ ఉన్న పేటకి అతుక్కుపోయింది. ఊళ్ళో చింతచెట్టు స్టేజీ అంటారు చూడండి, చెట్టు పోయి ఎన్నాళ్ళయినా పేరు పోదు. ఇక్కడ ఇల్లు కూడా పోలేదు, అదీ విశేషం.

మన అటక మీద చెవి విరిగిన జాడీ ఉందే, దాన్ని తలుచుకోండి. మా నాయనమ్మ అందులో ఆవకాయ పెట్టేది. మా అమ్మ చింతకాయ తొక్కు పెట్టింది. తర్వాత మీ నాయనమ్మ ఉప్పు పోసింది. జాడీ ఒక్కటే, లోపల సరుకు మారుతూ వచ్చింది. మూత తీసి ముక్కు పెడితే ఇప్పటికీ ఆవ ఘాటు తగులుతుంది. కోఠీ కూడా అలాంటి జాడీయే.

అందులో మొదట పడ్డ సరుకు తెల్లదొరలు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే మనిషిని రెసిడెంటు అనేవారు. 1798 నుంచి ఆ పదవిలో ఉన్నవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. మూసీకి అవతల కోటగోడల మధ్య ఊరు, ఇవతల తోటల్లో ఈయన. ఇల్లు కట్టుకుంటాను, స్థలం ఇప్పించండి అని పెద్ద కాగితం మీద పటం గీయించి పంపితే నిజాం కాదన్నాడట. ఎందుకయ్యా అంటే, నిజాం తన రాజ్యం మొత్తాన్ని అంతేసి కాగితం మీదే చూసి ఉన్నాడు, ఇతనెవరో సగం రాజ్యం అడుగుతున్నాడనుకున్నాడు! అదే పటాన్ని అరచేయంత ముక్క మీద గీసి పంపితే సరేనన్నాడని కథ. బబ్లూ, సైకిలు అడిగేటప్పుడు ఈ కిటుకు గుర్తుపెట్టుకో.

మద్రాసు నుంచి వచ్చిన శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు గీసిన ఇల్లది. పని 1803లో మొదలైంది. ముందు ఎత్తయిన స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు. కిర్క్‌పాట్రిక్ ఇక్కడి ఖైరున్నీసా బేగంని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది ఘోషా, బంగళా ముందుకి వచ్చి చూసే వీల్లేదు. అందుకని ఆమె ఉండే వెనక తోటలో అచ్చం అలాంటిదే బొమ్మరిల్లు కట్టించాడంటారు. అది ఇప్పటికీ ఉంది.

వాళ్ళకి ఒక బాబు, ఒక పాప. 1805లో నాలుగేళ్ళ బాబునీ మూడేళ్ళ పాపనీ ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. ఆ ఏడాదే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి పిల్లల్ని మళ్ళీ చూడలేదు, 1813లో ఆమె కూడా పోయింది. ముప్పై ఏళ్ళు దాటాక, ఆ పాప పెద్దదై, హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మకి ఉత్తరం రాసింది. పాపకి ఫారసీ రాదు, అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా రాసుకున్నారు. మీరేమో వీడియో కాల్లో ముఖం చూపించి పారిపోతారు! సర్లెండి.

జాడీకి వాసెన గుడ్డ కడతాం కదా, ఆ ఇంటి చుట్టూ బజారు అలా కట్టుకుంది. దొర ఉన్నచోట సిపాయిలు, గుమాస్తాలు, వాళ్ళకి అప్పులిచ్చే సాహుకార్లు, పాలవాళ్ళు, దర్జీలు చేరారు. దాన్నే రెసిడెన్సీ బజారు అన్నారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని ఈ ఇంటి మీదికొచ్చారు. ఎదురుగా పుత్లీబౌలి ఇళ్ళలో చేరి రాత్రంతా తుపాకులు కాల్చారు. లోపల ఫిరంగులున్నాయి, తెల్లారేసరికి వెనక్కి తగ్గక తప్పలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్‌ని 1859లో చంపేశారు. "పెద్ద తుర్రుంఖానువా?" అని మిమ్మల్ని కసురుతానే, ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందంటారు. ఇకనుంచి అలా అంటే తిట్టు అనుకోకండి.

ఆ బజారులో నిజాం పాలన కాకుండా ఇంగ్లీషువాళ్ళ పాలన నడిచేది. సభలకీ సంఘాలకీ ఊళ్ళో కంటే అక్కడ కాస్త ఊపిరాడేది. అందుకే 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివాళ్ళు పూనుకుని పెట్టిన తెలుగు గ్రంథాలయం. దొరల నీడలో తెలుగు పుస్తకాల బీరువా! 1933లో బజారు తిరిగి నిజాం చేతికొచ్చి సుల్తాన్ బజార్ అయింది. మీ అమ్మ గాజులు కొనేది అక్కడే.

దొరలు వెళ్ళిపోయాక, 1949లో ఆ జాడీలోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు బంగళాకి ఐలమ్మ పేరు! జాడీ పోలిక ఇక్కడికొచ్చేసరికి నాకు చాలడం లేదు.

మా పెద్దక్క అక్కడే చదివింది. మేము ఇసామియా బజారులో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ఒకరోజు అక్క అన్నం డబ్బా మర్చిపోయింది. ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది, అప్పుడు నాది ఐదో తరగతి. గేటు దగ్గర కాపలా తాత డబ్బా మూత తీసి చూశాడు, వంకాయ కూర వాసన పీల్చి లోపలికి పొమ్మన్నాడు. నేను అక్కని వెతకలేదు. తిన్నగా వెళ్ళి సింహం మీదెక్కి కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండకి రాయి పెనంలా కాలింది, ఎగిరి కిందకి దూకాను. డబ్బా దొర్లి కూరంతా మెట్ల మీద పడింది. నవాబులు, దొరలు నడిచిన మెట్లని మా అక్క ఓణీ కొంగుతో తుడిచింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఈ దసరా సెలవులకి రండి. అనుమతి దొరికితే లోపలికి వెళదాం. చిన్నీ, నువ్వు బొమ్మరింటి స్తంభాలు లెక్కపెట్టు, పెద్దింటివి కూడా లెక్కపెట్టు, సరిపోతాయో లేదో చెప్పు. బబ్లూ, నీ పని మెట్లు. నేను ఆ రోజు ఎక్కేటప్పుడు ఒక లెక్క వచ్చింది, దిగేటప్పుడు ఇంకో లెక్క వచ్చింది. ఏది సరైందో ఇంతవరకూ తేలలేదు.

మీ తాత