బరువా, కొవ్వు పంపే కబురా? అండాశయం చుట్టూ నడుస్తున్న వాదన వెనుక కథ

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కొందరు స్త్రీలకు ఏళ్లుగా గాడి తప్పిన నెలసరి మళ్లీ వస్తోంది. కొందరు అనుకోకుండా గర్భం దాలుస్తున్నారు. దాంతో నెలసరి గాడి తప్పడానికి కారణం బరువా, కొవ్వు పంపే కబురా అన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. "చూశారా, అంతా బరువు వల్లే" అంటోంది ఒక పక్షం. అండాశయ క్యాన్సర్‌ను కూడా ఈ మందులు ఆపేస్తాయన్న ఆశ దీనికి తోడైంది. ఈ వాదనలో తరచూ వినిపించే పేరు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాక నెలసరి గాడి తప్పే సమస్య; దాని చరిత్ర వదిలేద్దాం. నా దృష్టిలో ఈ వాదనకు అసలు మలుపు 1996లో, కొన్ని ఎలుకల మీద చేసిన ప్రయోగంలో వచ్చింది.

ఓబీ/ఓబీ అనే ఆ జాతి ఎలుకలు ఒక జన్యువు చెడిపోవడం వల్ల విపరీతంగా లావెక్కుతాయి. వాటిలో ఆడవాటికి పిల్లలు పుట్టవు. చెడిన ఆ జన్యువు ఏమిటో 1994 డిసెంబరులో రాక్‌ఫెలర్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం బయటపెట్టింది. కొవ్వు కణాలు ఒక హార్మోన్ తయారుచేయాలంటే ఆ జన్యువు ఉండాలి. ఆ హార్మోన్‌కు లెప్టిన్ అని పేరు పెట్టారు. మిగిలిన శక్తిని దాచుకునే గాదె అనుకున్న కొవ్వు, మెదడుకు కబుర్లు పంపే గ్రంథి కూడా అని అప్పుడు స్పష్టమైంది.

రెండేళ్ల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫరీద్ షెహాబ్ బృందం ఈ ఆడ ఎలుకలకు లెప్టిన్ ఇచ్చింది. అండాలు విడుదలయ్యాయి, గర్భం నిలిచింది, పిల్లలు పుట్టాయి. ఇక్కడితో ఆగితే "సన్నబడ్డాయి, అందుకే పుట్టాయి" అని ఎవరైనా అనొచ్చు. అయితే వాళ్లు ఇంకొన్ని ఎలుకలకు లెప్టిన్ ఇవ్వకుండా తిండి మాత్రమే తగ్గించి సన్నబరిచారు. వాటికి పిల్లలు పుట్టలేదు. బరువు తగ్గింది కానీ కబురు అందలేదు. "ముందు బరువు తగ్గించుకుని రా" అన్న ఒక్క మాటతో స్త్రీలను తిప్పిపంపే ప్రతి ఒక్కరూ ఈ ప్రయోగం గురించి చదవాలి.

కొవ్వుకూ నెలసరికీ లింకు ఉందని అంతకు ముందే, 1974లో రోజ్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త చెప్పారు. ఒంట్లో కొంత పాలు కొవ్వు లేకపోతే నెలసరి రాదన్నది ఆమె వాదన. ఎలా అన్నదానికి మాత్రం అప్పట్లో జవాబు దొరకలేదు. 2004లో బాగా సన్నబడడం వల్లో, అతిగా వ్యాయామం చేయడం వల్లో నెలసరి ఆగిపోయిన ఎనిమిది మంది స్త్రీలకు లెప్టిన్ ఇస్తే ముగ్గురిలో అండం విడుదలైంది.

లావుగా ఉన్నవారి సంగతి వేరు. వాళ్ల రక్తంలో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువగా ఉంటుంది, శరీరమే దాన్ని సరిగ్గా పట్టించుకోదు. పీసీఓఎస్‌లో అంతకన్నా ముఖ్యమైనది ఇన్సులిన్. అది పెరిగితే అండాశయంలో పురుష హార్మోన్ల తయారీ పెరుగుతుంది. లివర్ తయారుచేసే, ఆ హార్మోన్లను కట్టిపడేసే ప్రొటీన్ తగ్గుతుంది. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుందన్నది నిజమే, కాదనను. అయితే 1989లో ఆండ్రియా డునైఫ్ బృందం పీసీఓఎస్ ఉన్న స్త్రీలను పరీక్షించినప్పుడు లావు లేనివారిలోనూ ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. వాళ్లకు "బరువు తగ్గు" అన్న సలహా ఏం పనికొస్తుంది?

క్యాన్సర్ దగ్గరకొస్తే లెక్క మరింత చిక్కుపడుతుంది. నెలసరి ఆగిపోయిన వయసులో ఈస్ట్రోజెన్ ప్రధానంగా కొవ్వులోనే తయారవుతుంది. లావు పెరిగితే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు బాగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. అండాశయంలో లింకు ఇంత బలంగా లేదు. 2012లో 47 అధ్యయనాల్లోని 25,157 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. మెనోపాజ్ హార్మోన్ మాత్రలు ఎప్పుడూ వాడనివారిలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే కొలత) 5 పెరిగితే ముప్పు 10 శాతం పెరిగింది. వాడినవారిలో ఆ పెరుగుదలే కనిపించలేదు. ఈ తేడా కూడా హార్మోన్ల వైపే వేలు చూపిస్తోంది. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అధిక కొవ్వుతో ముడిపడిన 13 క్యాన్సర్లలో అండాశయ క్యాన్సర్‌ను చేర్చింది. ఇంజెక్షన్ల మీద ఆశ పెట్టుకున్నవారు చూపేది ఈ జాబితానే.

అంతకు మూడేళ్ల ముందే, 2013లో, 15 అధ్యయనాలు కలిపి రకాలవారీగా చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ మందిని బలితీసుకునే హైగ్రేడ్ సీరస్ అనే రకానికీ లావుకీ అలాంటి సంబంధం కనబడలేదు. ఇది చాలావరకు ఫెలోపియన్ ట్యూబుల్లోనే మొదలవుతుందని ఇప్పుడు భావిస్తున్నారు.

అలాగని కొవ్వుకు ఇందులో పాత్ర లేదనుకోకూడదు. కడుపులో పేగుల ముందు దుప్పటిలా వేలాడే కొవ్వు పొరను ఒమెంటమ్ అంటారు. అండాశయ క్యాన్సర్ పాకితే తరచుగా చేరేది అక్కడికే. ఎందుకో 2011లో షికాగో యూనివర్సిటీకి చెందిన ఎర్న్‌స్ట్ లెంగ్యెల్ బృందం చూపించింది. అక్కడి కొవ్వు కణాలు విడుదల చేసే సంకేతాలు క్యాన్సర్ కణాలను రప్పిస్తాయి. అవి వచ్చాక ఆ కొవ్వునే ఇంధనంగా తీసుకుని వేగంగా పెరుగుతాయి. అందుకే ఆపరేషన్‌లో అండాశయాలతో పాటు సాధారణంగా ఈ పొరను కూడా తీసేస్తారు. ఎంత సన్నగా ఉన్న స్త్రీకైనా ఆ పొర ఉంటుంది.